ఇంట్లో దేవుడు చాలడా?

మా పక్కింటి పంతులుగారికి ఒక అలవాటుంది. సాయంత్రం పిట్టగోడ మీద కాఫీ గ్లాసు పెట్టి ఏదో ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. జవాబు మొదలుపెట్టేలోగా “సంధ్యవేళైందండీ” అంటూ లోపలికి వెళ్లిపోతారు. మొన్న వేసింది ఇది: “మాస్టారూ, మాకు దేవుడి గది ఇంట్లోనే ఉంది. గుడికి వెళ్తే వెళ్తాం, లేకపోతే లేదు. మీవాళ్లు ఆదివారం పొద్దున్నే అంత పరుగులు తీస్తారెందుకు? మీ ఏసుప్రభువు ఇంట్లో పలకడా?”

ఆయన ఎలాగూ వినరు కాబట్టి మీతో చెప్తాను. చలికాలం, కరెంటు ఇప్పుడే పోయింది, మీకూ తొందరేమీ లేనట్టుంది. ఇలా దగ్గరగా జరగండి.

ఇంట్లోనూ పలుకుతాడు. గదిలోకి వెళ్లి తలుపేసుకుని రహస్యంగా ప్రార్థన చేసుకోమని చెప్పింది ఆయనే. అయితే ఆ మాట చెప్పి కాస్త వెనకాలే నేర్పిన ప్రార్థన ఉంది చూశారూ, అది మొదటినుంచి చివరిదాకా బహువచనమే. ఎక్కడా ‘నాకు’ అని అడగడం ఉండదు. తలుపేసుకుని ఒక్కడూ కూర్చున్నా ఊరందరి తరఫున అన్నం అడగాలి, ఊరందరి తప్పులకీ క్షమాపణ అడగాలి. చిక్కంతా అక్కడే మొదలైంది. క్రైస్తవ నమ్మకంలో ఒంటరి భక్తుడనేవాడికి చోటు చాలా తక్కువ. దేవుణ్ణి ఒప్పుకుంటే ఆయన పోగేసిన మనుషుల్నీ ఒప్పుకోవాలి. ఆ మనుషుల్లో నచ్చేవాళ్లుంటారు, నచ్చనివాళ్లు ఇంకాస్త ఎక్కువే ఉంటారు. చర్చి అంటే ఆ పోగు.

భవనం కాదా అంటారేమో. మెదక్ చర్చి చూసినవాళ్లకి ఆ అనుమానం రావడం సహజం. 1914లో పునాది వేసి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన ఆ రాతి మందిరం మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. రంగుటద్దాల మీద ఎండ పడినప్పుడు లోపల నిలబడితే నాలాంటి మాటకారికి కూడా నోరు పెగలదు. కానీ మొదటి రెండు వందల ఏళ్లూ క్రైస్తవులకు మందిరాలంటూ లేవు. ఎవరో ఒకరి ఇంట్లో కూడేవాళ్లు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దూరా యూరోపోస్ అనే ఊళ్లో తవ్వకాలు జరిపితే అలాంటి ఇల్లు ఒకటి బయటపడింది, మూడో శతాబ్దం నాటిది. మన మండువా ఇంటిలాగే మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి ఒకే హాలు చేసుకున్నారు. ఇంకో చిన్న గదిలో బాప్తిస్మానికి తొట్టి కట్టి, దాని పైన గోడ మీద గొర్రెను భుజాన వేసుకున్న కాపరి బొమ్మ వేశారు. అంతే. గోడ పడగొట్టింది ఎందుకంటే జనం పట్టక. నాకు ఆ ఇంటివాళ్లంటే ముచ్చటేస్తుంది. ఇల్లాలు ఏమందో మటుకు చరిత్ర చెప్పలేదు.

అంతకు ముందే, 112 ప్రాంతంలో, ప్లినీ అనే రోమన్ గవర్నరు తన చక్రవర్తి ట్రాజానుకు ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులను ఏంచేయమంటారని. విచారణలో తేలింది ఏమిటయ్యా అంటే, ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడతారు, క్రీస్తును దేవుడిగా తలచి పాడతారు, దొంగతనం చేయబోమని, మాట తప్పబోమని ఒట్టు పెట్టుకుంటారు, తర్వాత మళ్లీ కలిసి మామూలు భోజనమే చేస్తారు. అది నిజమేనా అని తేల్చుకోవడానికి ఇద్దరు దాసీలను చిత్రహింస కూడా పెట్టించాడు. ఆ దాసీలు ఆ సంఘంలో పరిచారకురాళ్లట. గవర్నరుకు ఇందులో నేరమేమీ కనబడలేదు, వట్టి మూఢనమ్మకమన్నాడు. నాకు మాత్రం ఆ ఉత్తరంలో ముఖ్యమైన మాట కనబడింది. ఊళ్లో బానిసలుగా ఉన్న ఆడవాళ్లు అక్కడ పెద్దరికంలో ఉన్నారు.

ఇక చేరడమెలాగ? ఇక్కడ కూడా ఒక తమాషా ఉంది. ఎవరికి వారు బాప్తిస్మం ఇచ్చుకోవడం కుదరదు. పోపు అయినా, పేటలో పాలేరు అయినా ఇంకొకరి చేతులోనే తడవాలి. మన తెలుగునాట ఈ తడవడం గురించి చెప్పుకోవాలంటే ఒంగోలు కథే చెప్పాలి.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు దొర 1860ల్లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్లు, దొరకూ ఆశ పుట్టింది. ఇంతలో పల్లెలనుంచి మాదిగలు రావడం మొదలుపెట్టారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు పెద్దింటివాళ్లు. దొరకి దిక్కుతోచలేదు. ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆయనే తన జీవితచరిత్రలో చెప్పుకున్నాడు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో మొదటి అధ్యాయం. లోకం తెలివైనవాళ్లని, గొప్పింటివాళ్లని అనుకునే వారిని కాక, లెక్కలోకి రానివాళ్లను దేవుడు ఎంచుకున్నాడన్న భాగం. దాంతో తేలిపోయింది. అలా తెరిచి చూసి నిర్ణయాలు తీసుకోవడం నాకు అంతగా రుచించదు గానీ, తీసుకున్న నిర్ణయం మాత్రం మంచిదే.

ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా కరువు. ధాత కరువంటే పాతకాలం ముసలమ్మలు ఇప్పటికీ వేళ్లు విరుస్తారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి మోయించి, సందు దొరికినప్పుడల్లా సువార్త చెప్పేవాళ్లు. అయితే కరువు సాయం నడిచినంతకాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు దొర. బియ్యం కోసం వచ్చారనే మాట పడకూడదని. కరువు తగ్గాక జనం కదలనంటే కదలనన్నారు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి. ఆ ఇద్దరికీ చేతులు పడిపోతే తర్వాత ఇద్దరు దిగేవాళ్లు. పొద్దున్నే మొదలై, మిట్టమధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రం దాకా. గట్టు మీద పేర్లు చదవడం, నీళ్లలో ఇద్దరు ముంచడం.

ఆకలే తెచ్చిందా, దేవుడే తెచ్చాడా? ఈ వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆకలిగా ఉన్నప్పుడు దేవుడు రాకూడదనే నియమం ఎక్కడుందో నాకు తెలియదు. నేను చూసేది ఇంకొకటి. ఆ 2,222 మందిలో చాలామంది బంధువులతో, పల్లె పల్లెగా కలిసి వచ్చారు. ఎవరి ఆత్మ సంగతి వారు చూసుకునే నమ్మకాన్ని మూటగట్టుకుని అమెరికానుంచి వచ్చిన దొరకు, ఇక్కడ మనిషంటే ఒక్క మనిషి కాదని, పల్లె మొత్తమని మన మాదిగ పెద్దలు నేర్పారు. చర్చి అంటే ఏమిటో నేర్పడంలో ఆ రోజు గురువెవరో శిష్యుడెవరో చెప్పడం కష్టం.

అలాగని చేరాక అంతా సాఫీ అనుకునేరు. అసలు పరీక్ష బల్ల దగ్గర వస్తుంది.

మా గుళ్లో సంస్కారం ఆదివారం నాడు, అంటే ప్రభువు భోజనం పంచుకునే రోజున, ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు. ద్రాక్షరసం ముందురోజు అమ్మగారు, అదే పాస్టరుగారి భార్య, కిస్‌మిస్ నానబెట్టి, మరగబెట్టి, పలచని గుడ్డలో వడకట్టి చేస్తారు. చెప్పులు బయట కుప్పగా, లోపల ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు చాపల మీద. వరసగా వచ్చి మోకరిస్తే పాస్టరుగారు ఒక్కొక్కరి పెదవులకు గిన్నె అందిస్తారు, అంచును చేతిగుడ్డతో తుడుస్తారు, గిన్నెను కాస్త తిప్పుతారు, పక్కవాళ్లకు అందిస్తారు. తుడవడం, తిప్పడం, అందించడం. నేను చూడాలని కాకపోయినా చూస్తూనే ఉంటాను, నాకు ముందు ఎవరు తాగారా అని. ఆ చూపులోనే మన దేశం మొత్తం ఉంది.

పౌలుకు కూడా తలనొప్పి పెట్టింది ఈ భోజనమే. కొరింథులో తీరికున్న ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగి మత్తెక్కి కూర్చుంటే, పని ముగించుకుని వచ్చే లేనివాళ్లకి ఖాళీ గిన్నెలు మిగిలేవి. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి ఆయన రాసిన ఉత్తరం చదివితే ఆ కోపం ఇప్పటికీ సెగ తగులుతుంది. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. ఒకరికోసం ఒకరు ఆగమన్నాడు. అదే ఉత్తరంలో కాస్త ముందుకెళ్లి, మీరందరూ కలిసి క్రీస్తు శరీరం, కన్ను చేతితో నువ్వు నాకక్కర్లేదనలేదు అని వివరించాడు. పెళ్లిళ్లలో, ఐక్యకూటాల్లో ఆ శరీరం ముచ్చట ఎంతో తియ్యగా చెప్తారు మన ప్రసంగీకులు. అది వచ్చింది మాత్రం ఒక భోజనం పంక్తి తగువు వెనకాలే.

ఆ తగువు మన వైపు తప్పిందనుకున్నారా? తంజావూరు, వేపేరి సంఘాల్లో పైకులాల వాళ్లు వేరే కూర్చునేవాళ్లు, గిన్నె ముందు తామే అందుకునేవాళ్లు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ కులం పాటింపు ఉన్నపళంగా మానాలని ఉత్తర్వు పంపితే చాలామంది సంఘమే వదిలి వెళ్లిపోయారు. క్రీస్తును వదల్లేదు, గిన్నెను వదిలారు! తెలుగు పల్లెల్లో కథ ఇంకో దారి పట్టింది. ఒక మిషను మాలపల్లెలో పాదుకుంటే ఇంకో మిషను మాదిగపల్లెలో పాదుకుంది. రెండు గుళ్లు, రెండు గంటలు, మధ్యలో ఒక డొంక. సిద్ధాంత భేదమని పెద్దలు పుస్తకాలు చూపిస్తారు. ఆ డొంక దాటి పిల్లనివ్వమని అడిగి చూడండి, సిద్ధాంతం సంగతి తెలుస్తుంది. బయటి ప్రభుత్వమేమో 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడయ్యాక కులం లేదంటుంది, షెడ్యూల్డు కులాల హక్కులివ్వదు. లోపలి సంఘమేమో కులం ఉందని సంబంధాల దగ్గర గుర్తు చేస్తుంది. మధ్యలో నలిగేది ఒక్కడే.

“మరి ఇలాంటి దాన్ని పరిశుద్ధ సంఘమని ఎలా నమ్ముతారు?” అని మీరు అడగబోతున్నారు, తెలుసు. 381 నుంచి క్రైస్తవులు తమ విశ్వాస ప్రమాణంలో ఏక, పరిశుద్ధ, సార్వత్రిక, అపొస్తలిక సంఘాన్ని నమ్ముతున్నామని చెప్పుకుంటున్నారు. ఉత్తర ఆఫ్రికాలో డోనాటిస్టులనేవాళ్లు ఇదే ప్రశ్న గట్టిగా వేశారు. 303లో మొదలైన హింసల్లో ప్రాణభయంతో లేఖనాలను అధికారులకు అప్పగించిన గురువుల చేతి సంస్కారాలు చెల్లవన్నారు. పరిశుద్ధులదే సంఘమన్నారు. అగస్టీను వాళ్లతో ఏళ్లతరబడి వాదించాడు. పవిత్రత క్రీస్తుది, గురువుది కాదు, గోధుమలూ గురుగులూ కోత దాకా కలిసే పెరుగుతాయన్నాడు. అగస్టీను మాట నాకు ఊరట. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని సంఘం డబ్బు లెక్కలు చెప్పకుండా తిరిగే పెద్దలను చూసినప్పుడు డోనాటిస్టులకు ఒక నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

పవిత్రత కథ అది. ‘ఏక’ సంగతి ఇంకా తమాషా. మన పటం చూడండి: నరసాపురం వైపు 1836లో వచ్చినవాళ్ల ప్రభావంతో బ్రదరన్, గుంటూరులో 1842లో హేయర్ గారు అడుగుపెట్టారు కాబట్టి లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, మెదక్ వెస్లియన్, డోర్నకల్ ఆంగ్లికన్. ఏ తాతగారింటి ముందు ఏ దొరగారి ఎద్దుల బండి ఆగిందో దాన్నిబట్టి మన సిద్ధాంతం! ఇంగ్లండు రాజుగారి పెళ్లి పేచీ, జర్మనీ సన్యాసి తిరుగుబాటు, అన్నీ మన పొలం గట్ల మీద సరిహద్దు రాళ్లయి కూర్చున్నాయి.

ఇది సహించలేకపోయిన మనిషి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చి, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. చీలికలు పాశ్చాత్యులకు బలహీనతేమో గానీ మాకు పాపమని నిర్మొహమాటంగా చెప్పినవాడు. కులాల మధ్య సఖ్యత బోధిస్తూ, మనమే ఆరు గుంపులుగా ఉంటే ఎవరు వింటారన్నది ఆయన బాధ. 1919లో తరంగంబాడిలో కొందరిని కూర్చోబెట్టి ఐక్యత మాట మొదలుపెట్టాడు. అది తెమలడానికి 28 ఏళ్లు పట్టింది. ఎక్కడ ఆగిందో తెలుసా? బిషప్ చేతులుంచని పాస్టరు పాస్టరా కాదా అన్న దగ్గర. చివరికి ఇప్పుడున్నవాళ్లందరినీ ఉన్నట్టే ఒప్పుకుందాం, ఇకమీదట అభిషేకాలు మాత్రం బిషప్పులే చేస్తారు అని రాజీకొచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాయి. దేశం రెండుగా చీలి నెలన్నర. అజరయ్య ఆ రోజు చూడలేదు, 1945 జనవరి 1న కన్నుమూశాడు.

అందరూ కలిశారా అంటే, లేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది మేం రామని విడిగా ఉండిపోయి ఏళ్ల తర్వాత గానీ చేరలేదు. లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉన్నారు. వాళ్లను మొండివాళ్లనడం సులువు. కానీ ఒక్కొక్కరిని అసలు సంఘం ఎక్కడుందయ్యా అని అడిగి చూడండి. అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన బిషప్పుల వరస ఉన్నచోట అంటారు కతోలికులు. సువార్త శుద్ధంగా ప్రకటించి, సంస్కారాలు సరిగా ఇచ్చేచోట అని 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు నుంచి లూథరన్లు చెప్తున్నారు. తన నోటితో తాను ఒప్పుకున్న విశ్వాసులు కూడినచోట, పసిబిడ్డలను ముంచితే కాదు అంటారు బాప్టిస్టులు. ఆత్మ కదిలేచోట అంటారు పెంతెకొస్తువాళ్లు. మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం పుట్టిన రోజున అభిషేకం పొందిన తొమ్మిది మంది కొత్త బిషప్పుల్లో 37 ఏళ్ల లెస్లీ న్యూబిగిన్ ఒకరు. ఆయన 1953లో ‘ది హౌస్‌హోల్డ్ ఆఫ్ గాడ్’ అని పుస్తకం రాసి, వాక్యం, శరీరం, ఆత్మ ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని తక్కినవి వదిలినా సంఘం కుంటిదవుతుందని వాదించాడు. పెంతెకొస్తువాళ్లను పెద్ద సంఘాలు లెక్కచేయని రోజుల్లో వాళ్లను సమానంగా కూర్చోబెట్టి మాట్లాడిన పుస్తకం అది. నేను ఆయన పక్షమే. మా వీధి చివర రేకుల షెడ్డులో శుక్రవారం రాత్రి మైకులో ఉపవాస ప్రార్థన జరుగుతుంటే మాత్రం ఆ పక్షం కొంచెం సడలుతుంది.

కరోనా రోజుల్లో ఇంకో ప్రశ్న వచ్చింది. గుళ్లు మూసేశారు, ఆరాధన ఫోన్లోకి వచ్చింది. కొందరు పాస్టర్లు తెర మీద ప్రార్థన చేస్తుంటే, ఇళ్లలో జనం బిస్కెట్టు ముక్క, రస్నా గ్లాసు పట్టుకుని సంస్కారం తీసుకున్నారు. అది చెల్లుతుందా? ప్రసంగం ఫోన్లో వినొచ్చు, నిజానికి మంచి ప్రసంగాలు అక్కడే దొరుకుతున్నాయి. పాట పాడొచ్చు. కానుక పంపడం మరీ సులువు, స్కానర్ కోడు కింద పెట్టే ఉంటుంది. గిన్నె మాత్రం నాకు మింగుడుపడలేదు. నాకు ముందు తాగిన మనిషి లేని గిన్నె అది. నచ్చకపోతే ఆపేయొచ్చు, ఇంకో పాస్టరుకు మారొచ్చు. నచ్చని మనిషి పక్కన మోకరించే అవసరమే లేని సంఘాన్ని పౌలు సంఘమనేవాడా? నాకు నమ్మకం లేదు. మంచాన పడ్డవాళ్ల సంగతి వేరు. వాళ్ల దగ్గరికి సంఘమే వెళ్లాలి, రొట్టె పట్టుకుని.

ఇంకో మాట, సంఘం అంటే బతికున్నవాళ్లే కాదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో పరిశుద్ధుల సహవాసం అని చెప్పుకునేది పోయినవాళ్లతో కలిపే. అందుకే సమాధుల పండుగకు ముందు వారం పేటంతా తుమ్మముళ్లు కొట్టి, సమాధులకు సున్నం వేస్తుంది. మా నాయనమ్మకు వేసే మనిషే, కొడుకులు దుబాయ్‌లో ఉన్న పక్క సమాధికీ ఓ చెయ్యి వేసి పోతాడు. చీలికల మాట అక్కడా ఉందిలెండి, బాప్టిస్టుల సమాధులు వేరే వైపు.

ఇంతకీ ఈ సంఘానికి డబ్బు ఎలా వస్తుందని పంతులుగారు ఒకసారి అడిగారు. మా పల్లెల్లో ఆడవాళ్లు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. కోతల పండుగ నాడు ఇంటికి ఒకటి తెచ్చి వేలం వేస్తారు: గుమ్మడికాయ, అరటిగెల, కాళ్లు కట్టిన కోడిపెట్ట. పోయినసారి ఒక ముసలమ్మ తన దగ్గర ఇంకేమీ లేక ఒక్క కోడిగుడ్డు తెచ్చింది. పది రూపాయల దగ్గర మొదలైంది పాట. పాడుకున్నాయన డబ్బు కట్టి గుడ్డు మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు. ఇంకొకాయన పాడాడు, ఆయనా పెట్టేశాడు. సాయంత్రానికి ఆ గుడ్డు ఏడెనిమిది చేతులు మారి కోడిపెట్ట కంటే ఎక్కువ తెచ్చింది. డబ్బు లెక్కపెట్టే కంగారులో ఎవరో బల్ల జరిపారు, గుడ్డు కింద పడింది. “ఇక పాడేదేమీ లేదు, అందరూ భోజనాలకి లేవండి” అన్నారు సంఘపెద్ద.